ముసలి గుర్రం మనుషుల మీదికి వస్తుంటే నిద్రపుచ్చాలా, వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల్లో, రైడింగ్ స్కూళ్లలో, పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పేవాళ్ల దగ్గర వయసు మళ్లిన గుర్రాలు చాలానే ఉన్నాయి. కొన్ని రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లు, కొన్ని మార్వాడీ, కాఠియావాడీ జాతివి. ఎక్కువవాటికి జాతి కాగితాలేమీ ఉండవు. వాటిలో ఒకటి ప్రమాదకరంగా మారినప్పుడు యజమాని ఎవరినీ సూటిగా అడగలేడు. అడిగితే "అమ్మేయండి" అనో, "పాపం తగులుతుంది" అనో అంటారు. ఆ రెండు మాటలూ దాటి ఆలోచించాలనుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. నిద్రపుచ్చడం అంటే ఇక్కడ, డాక్టర్ మందు ఇచ్చి నొప్పి లేకుండా ప్రాణం తీయడం.

మా గుర్రానికి ఇరవై ఏళ్లు. ఇన్నాళ్లూ బుద్ధిగా ఉండి ఇప్పుడు తన్నడం, కరవడం మొదలుపెట్టింది. వయసు మీద పడితే గుర్రాలకు మతి చెడుతుందా?

మతి చెడటం అరుదు. ఒళ్లు చెడటమే ఎక్కువ. గుర్రం కుక్కలా మూలగదు. వేటాడే జంతువుల నుంచి తప్పించుకుని బతికిన జాతి కాబట్టి నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతోనే వచ్చింది. దాచుకోలేనంత అయ్యాక కాలు లేస్తుంది. మనకు కనిపించేది ఆ కాలే.

అందుకే ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా మీదికి వచ్చిందో ముందు రాసుకోండి. తంగు (జీనును పట్టి ఉంచే పొట్ట పట్టీ) బిగించేటప్పుడు కరవబోతోందంటే కడుపులో పుండ్లు ఉండొచ్చు, వెన్నులో నొప్పి ఉండొచ్చు. కళ్లెం చూడగానే తల విసిరేస్తోందంటే పళ్లు చూపించాలి. గుర్రం పళ్లు దాదాపు జీవితమంతా చిగురులోంచి పైకి వస్తూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు పదునెక్కి బుగ్గను, నాలుకను కోస్తాయి. వెనక కాలు ఎత్తమంటే తన్నే ముసలి గుర్రానికి చాలాసార్లు కీళ్లవాతం ఉంటుంది. ఎత్తిన కాలు మడవడమూ నొప్పే, మిగిలిన మూడు కాళ్ల మీద బరువు మోయడమూ నొప్పే. లాడం కొట్టేవాడు వచ్చిన రోజునే "పొగరెక్కింది" అనిపించుకునే గుర్రాల కథ ఎక్కువగా ఇదే.

ఒకవైపు నుంచి వెళితే బాగానే ఉండి, రెండోవైపు నుంచి వెళితే ఉలిక్కిపడి తంతుంటే కళ్లు చూపించండి. శుక్లం కావచ్చు, మాటిమాటికీ తిరగబెట్టే కంటి వాపు కావచ్చు. సగం చూపు పోయిన గుర్రానికి మీ చెయ్యి ఎక్కడి నుంచో ఊడిపడినట్టే ఉంటుంది.

ఆడగుర్రం మగగుర్రంలా ప్రవర్తిస్తూ, తోటి గుర్రాల మీదికి ఎగబడుతుంటే అండాశయంలో గడ్డ ఉందేమో స్కాన్ చేయించాలి. ఒక రకం గడ్డ హార్మోన్లను తలకిందులు చేస్తుంది. అది తీసేశాక పాత గుర్రం తిరిగొచ్చిన సందర్భాలున్నాయి.

బరాత్‌ల్లో కనిపించే తెల్ల గుర్రాల గురించి ఒక మాట. వాటిలో అన్నీ తెల్లగా పుట్టినవి కావు. కొన్ని ఎర్రగానో నల్లగానో పుట్టి, వయసుతో బొచ్చు తెల్లబడినవి. ఇలాంటి గుర్రాలకు పదిహేనేళ్లు దాటాక తోక కింద, దవడ వెనక నల్లటి గడ్డలు రావడం మామూలు. అవి మెలనోమాలు, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ గడ్డలు. ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా ఉండొచ్చు, పెరిగి లద్ది వేయడమే నరకం చేయొచ్చు. అలంకరణ పట్టీ తోక కింద లాగి కట్టిన ప్రతిసారీ వెనక కాళ్లు విసురుతుంటే, పట్టీ తీసి కింద ఏముందో చూడండి.

రెండు మూడు రోజుల్లోనే పూర్తిగా మారిపోయింది. కనిపించినవాళ్లందరి మీదికీ వస్తోంది. ఏం చేయాలి?

దగ్గరికి వెళ్లకండి. ఈ పేజీ మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు పశువైద్యుడికి ఫోన్ చేయండి. మన దేశంలో ఇలాంటి మార్పు చూస్తే మొదట అనుమానించాల్సింది రేబిస్‌ను. పిచ్చికుక్క కరిచిన సంగతి మనకు తెలియకపోవచ్చు, గాయం మానిపోయి కూడా ఉండొచ్చు. గుర్రాల్లో ఈ జబ్బు కుంటుతో మొదలవ్వొచ్చు, కడుపునొప్పిలా కనిపించొచ్చు, తన ఒంటిని తానే కొరుక్కోవచ్చు, వెనక కాళ్లు పడిపోవచ్చు. లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదు. కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టడం సైసులు (గుర్రాలను చూసుకునే పనివాళ్లు) మంచి ఉద్దేశంతో చేసే పని. ఇక్కడ మాత్రం చేయకూడదు. కరిచినా, చొంగ గాయం మీద పడినా, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లి వ్యాక్సిన్ మొదలుపెట్టించుకోండి. గుర్రం చనిపోయాక పరీక్ష చేసేది మెదడునే, కాబట్టి తలకు దెబ్బ తగలకూడదు.

జోరీగల వల్ల వ్యాపించే సర్రా అనే జబ్బు కూడా కొన్నిసార్లు నరాల మీద ప్రభావం చూపుతుంది. దాన్ని రక్తపరీక్షతో పట్టుకోవచ్చు, మందు ఉంది. అందుకే రెండు రోజుల మార్పును చూసి "ఇక నిద్రపుచ్చేద్దాం" అని యజమాని ఒక్కడే తేల్చేయకూడదు.

ఏయే పరీక్షలు చేయిస్తే "మా వంతు చేశాం" అనుకోవచ్చు?

నా లెక్కలో కనీసం ఇవి: నోరు పూర్తిగా తెరిపించి పళ్ల పరీక్ష, రెండు కళ్లు, నాలుగు కాళ్లు, డెక్కలు, వెన్ను, రక్తపరీక్ష, ఆడగుర్రమైతే స్కాన్. ఎండాకాలంలో కూడా బొచ్చు ఊడకుండా పొడుగ్గా ఉంటే, నీళ్లు విపరీతంగా తాగుతుంటే పిట్యూటరీ గ్రంథి జబ్బుకు హార్మోన్ పరీక్ష కూడా. ఆ జబ్బున్న గుర్రాలకు డెక్కల్లో వాపు తేలిగ్గా వస్తుంది, ఆ నొప్పి భరించరానిది. మీ ఊళ్లో గుర్రాలు చూసే డాక్టర్ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో అడగండి. పశువుల అంబులెన్సు నంబరు 1962.

పరీక్షల్లో ఏమీ తేలకపోతే డాక్టర్లు ఒక పని చేస్తారు. కొన్ని వారాల పాటు నొప్పి తగ్గించే మందు ఇచ్చి, పని మాన్పించి, ప్రవర్తన మారుతుందేమో చూస్తారు. కడుపు పుండ్ల అనుమానం ఉంటే దానికీ ఇలాగే మందు వాడి చూస్తారు. మారితే కారణం నొప్పేనని తేలినట్టు. మారకపోతే నొప్పి లేదని మాత్రం తేలినట్టు కాదు, ఇది చాలామంది మర్చిపోతారు. ఏళ్ల తరబడి జీను అంటే నొప్పి అని నేర్చుకున్న గుర్రం, నొప్పి పోయాక కూడా జీను చూసి భయపడుతూనే ఉంటుంది.

మందుల షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అడిగి మీరే పొడిచేయకండి. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తినడం వల్లే రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయని తేలాక, 2006లో పశువులకు వాడకుండా నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి.

సుడి బాగాలేదని, అందుకే ఇలా చేస్తోందని పెద్దాయన ఒకరు చెప్పారు.

అదే సుడితో ఇరవై ఏళ్లు బాగానే ఉంది కదా. పళ్లు చూపించండి.

అసలు "ప్రమాదకరం" అని ఎప్పుడు అనాలి? గుర్రమన్నాక ఎప్పుడో ఒకసారి తన్నదా?

తంతుంది. అన్నీ తంతాయి. నేను మూడు సంగతులు చూస్తాను. మొదటిది, ముందే తెలుస్తుందా? చెవులు వెనక్కి పెట్టి, తోక ఊపి, బరువు ఒక కాలి మీదికి మార్చి ఆ తర్వాత తన్నే గుర్రం మనకు టైమిస్తోంది. ఏ సైగా లేకుండా తిరిగి కొట్టే గుర్రం దగ్గర ఎంత అనుభవమున్నా పనికిరాదు. రెండోది, భయపడి కొడుతోందా, వెంటబడి కొడుతోందా? మూలకు నెట్టినప్పుడు తన్నేది వేరు, గడి (గుర్రాన్ని ఉంచే గది) తలుపు తీయగానే మనిషిని గోడకు అదిమి మోకాళ్లతో తొక్కేది వేరు. రెండో రకం గుర్రం అరుదు. కానీ ఉంటుంది, అది ఉన్న చోట మనిషి ప్రాణం పోయేంత ప్రమాదం ఉంది. 450 కిలోల జంతువు అది.

మూడోది, రోజూ దాని అందుబాటులో ఉండేది ఎవరు? యజమాని ఆదివారం వస్తాడు, బెల్లం ముక్క పెట్టి ఫొటో దిగి వెళ్తాడు. తెల్లవారుజామున చీకట్లో లద్ది ఎత్తేది, నీళ్లు పెట్టేది, మాలిష్ చేసేది సైసు. చాలామందికి ఇన్సూరెన్స్ ఉండదు, ఉద్యోగ భద్రత ఉండదు. "దీని దగ్గరికి నేను వెళ్లను సార్" అనగలిగే ధైర్యం కూడా ఉండదు. అందుకే గుర్రం ఎంత ప్రమాదకరమో తెలియాలంటే అతన్ని పక్కకు తీసుకెళ్లి, ఉద్యోగం పోదని ముందే మాటిచ్చి అడగండి. మీరు విననివి చాలా చెప్తాడు.

స్వారీ మాన్పించేసి ఊరికే తిరగనిస్తే చాలదా?

చాలాసార్లు చాలు. మొదట చేయాల్సింది కూడా ఇదే. పైన మనిషి ఎక్కితే ముందుకాళ్లు లేపే ముసలి గుర్రం, జీను లేకుండా తోటలో ఒక జతగుర్రంతో ఏ గొడవా లేకుండా బతకొచ్చు. దానికి ఎవరి మీదా కోపం లేదు, ఆ బరువు మీద మాత్రమే ఉంది.

నేల మీద కూడా ప్రమాదకరమైతే ఏర్పాట్లు మారాలి. పక్కపక్కన రెండు గడులు, మధ్యలో బయటి నుంచే లాగగలిగే గేటు ఉంటే గుర్రాన్ని ఒకదాంట్లోకి పంపి రెండోది శుభ్రం చేయొచ్చు. దాణా, నీళ్లు లోపలికి వెళ్లకుండానే పెట్టేలా గోడలో కిటికీ ఉండాలి. ఎవరూ ఒంటరిగా దాని దగ్గర పనిచేయకూడదు, హెల్మెట్ లేకుండా అసలు వద్దు. డెక్కలు చెక్కించాలంటే డాక్టర్ వచ్చి మత్తిచ్చాకే.

ఇక్కడే చిక్కొస్తుంది. ముసలి గుర్రానికి చేతి పని తగ్గదు, పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు, ఏడాదికి ఒకటి రెండుసార్లు పళ్లు, ఈగల కాలంలో కళ్లు, గాయాలు, నమలలేకపోతే నానబెట్టిన మెత్తటి దాణా. ముట్టుకోనివ్వని గుర్రానికి ఇవేవీ అందవు. దానికి కడుపునొప్పి వస్తే ఇంజక్షన్ ఇవ్వడానికి కూడా ఎవరూ దగ్గరికి వెళ్లలేరు. ముట్టుకోలేని జంతువును పోషించడం వేరు, చూసుకోవడం వేరు.

మంచి ట్రైనర్‌కి పంపితే? మగగుర్రమైతే విత్తులు కొట్టిస్తే?

వయసులో ఉన్న, నొప్పి లేని గుర్రమైతే తప్పకుండా ప్రయత్నించండి. ఇరవై దాటినదాన్ని లారీ ఎక్కించి కొత్త చోటికి, కొత్త చేతుల్లోకి పంపడం దానికే పెద్ద దెబ్బ. ట్రైనర్ చేతిలో కుదురుకున్నా, తిరిగొచ్చాక సైసు చేతిలో కుదురుగా ఉంటుందన్న హామీ లేదు. కొట్టి లొంగదీస్తానని చెప్పేవాడి దగ్గరికి మాత్రం ఏ వయసు గుర్రాన్నీ పంపొద్దు. కొడితే సైగలు మానేస్తుంది. అప్పుడు ముందు చెప్పకుండా తన్నే గుర్రాన్ని మీరే తయారుచేసినట్టు.

విత్తులు కొట్టించడం వల్ల హార్మోన్లు తగ్గుతాయి. ఏళ్లుగా అలవాటైన ప్రవర్తన పూర్తిగా పోకపోవచ్చు, ముసలి ఒంటికి మత్తుమందు రిస్కు ఉంటుంది. డాక్టర్ ఒప్పుకుంటే చేయించండి గానీ అదే మంత్రమనుకోకండి.

ఎవరికైనా అమ్మేస్తేనో, ఉచితంగా ఇచ్చేస్తేనో గొడవ వదిలిపోతుంది కదా?

మీకు వదిలిపోతుంది. గుర్రానికీ, అది వెళ్లిన చోటివాళ్లకూ అక్కడే మొదలవుతుంది.

ఆ గుర్రాన్ని ఎవరు కొంటారో ఆలోచించండి. డబ్బున్నవాడు ఇరవై ఏళ్ల గుర్రాన్ని కొనడు. తక్కువ ధరకు దొరికిందని కొనేది బరాత్ తిప్పేవాడో, బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాడో, బండికి కట్టేవాడో. అమ్మేటప్పుడు అది మందు కింద మెత్తగా ఉంటుంది, వారం తర్వాత ఉండదు. బ్యాండు, డీజే, బాణాసంచా, ముందు వందమంది డ్యాన్సు, పైన మొదటిసారి గుర్రమెక్కిన పెళ్లికొడుకు, వాడి ఒళ్లో ఐదేళ్ల మేనల్లుడు. ఆ గుంపు మధ్యలో మీరు ఎవరికీ చెప్పని ఆ అలవాటు బయటపడుతుంది.

ఆ తర్వాత గుర్రాన్ని కొడతారు. ముళ్ల కళ్లెం వేస్తారు. దాణా తగ్గిస్తారు. లాభం లేదనుకున్నాక మరొకరికి, అక్కణ్నుంచి ఇంకొకరికి. చివరికి ఏ రోడ్డు డివైడర్ మీదో వదిలేస్తారు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మనవాళ్లు ఎగతాళిగా అన్నారు గానీ, యజమానిగా ఒప్పుకోవాల్సిన లెక్క అదే. పని చేసినా చేయకపోయినా దాని తిండి, దాని బతుకు, దాని చావు మీ ఖాతాలోవే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. గుర్రం గురించి నిజమంతా చెప్పి, దాన్ని నేను చూసుకోగలనని అన్నీ తెలిసి ముందుకొచ్చే మనిషి దొరికితే ఇవ్వండి. నిజం దాచితే తప్ప ఎవరూ తీసుకోని గుర్రమైతే దాన్ని ఇవ్వకండి. తెలిసిన చోట, తెలిసిన మనుషుల మధ్య, నొప్పి లేకుండా నిద్రపుచ్చడం దానికంటే మేలు.

జంతు సంరక్షణ కేంద్రానికి ఇవ్వొచ్చా?

అడగడంలో తప్పు లేదు. గోశాలలు గుర్రాల కోసం కట్టినవి కావు. గుర్రాలను తీసుకునే కేంద్రాలు మన దగ్గర కొద్ది. అక్కడ పనిచేసేది ఎక్కువగా వాలంటీర్లు, కాలేజీ పిల్లలు. కరిచే ముసలి గుర్రానికి ఒక చోటిస్తే, బాగుపడే అవకాశమున్న రెండు గుర్రాలకు చోటు పోతుంది. వాళ్లు కాదంటే కోపం తెచ్చుకోకండి.

చట్టం ఏమంటుంది?

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 13వ సెక్షన్, బతికించి ఉంచడమే క్రూరమనిపించే స్థితిలో ఉన్న జంతువుల గురించి మాట్లాడుతుంది. కోర్టు, మేజిస్ట్రేటు, పోలీసు అధికారి ఎప్పుడు ఏం చేయొచ్చో అందులో ఉంది. ఒంట్లో బాగానే ఉండి మనుషులకు ప్రమాదకరంగా మారిన సొంత గుర్రం గురించి ఆ సెక్షన్ సూటిగా చెప్పదు. అందుకే కాగితం ముఖ్యం. ఏయే పరీక్షలు చేశారు, ఏ చికిత్స చేశారు, ఎవరికి ఎప్పుడు ఏ గాయమైంది, ఇవన్నీ రాతలో ఉండాలి. రిజిస్టర్డ్ పశువైద్యుడి లిఖిత అభిప్రాయం తప్పనిసరి అనుకోండి, వీలైతే ఇద్దరిది. మీరు రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలి.

సొంతంగా విషం పెట్టడం, కొట్టి చంపడం, తిండి మాన్పించడం, ఊరవతల వదిలేయడం నేరాలు. జంతువును చంపడం, కుంటిదాన్ని చేయడం గురించి భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఐదేళ్ల వరకు జైలు ఉంది. అదే సంహిత 291వ సెక్షన్ అటునుంచి పట్టుకుంటుంది. మీ దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదమని తెలిసీ తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

గ్లాండర్స్ తేలితే వ్యవహారం వేరు. అది మనుషులకూ అంటుకునే జబ్బు. నమూనాలను హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం లాంటి చోట పరీక్షిస్తారు. ఉందని నిర్ధారణ అయితే జంతువుల అంటువ్యాధుల నివారణకు తెచ్చిన 2009 చట్టం కింద ప్రభుత్వమే ఆ గుర్రాన్ని నిద్రపుచ్చిస్తుంది. అక్కడ యజమాని ఇష్టాయిష్టాలతో పని లేదు.

ఇది పాపం కాదా?

ఈ ప్రశ్నను 1928లో గాంధీజీ ఎదుర్కొన్నారు. సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ కోలుకునే ఆశ లేకుండా నరకయాతన పడుతుంటే, డాక్టర్‌ను పిలిపించి, తాను పక్కనే ఉండి ఇంజక్షన్ ఇప్పించారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆయన తాను చేసింది అహింసేనని వాదించారు. అదే సందర్భంలో ఆశ్రమం పంటల్ని పాడుచేస్తున్న కోతుల సంగతి కూడా రాశారు. వాటిని చంపాల్సి వస్తే అది హింసే అవుతుందని, దానికి అహింస అన్న పేరు పెట్టలేమని ఒప్పుకున్నారు.

మన గుర్రం ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. నొప్పితో ఉండి, ఆ నొప్పి వల్లే ప్రమాదకరమైతే దూడ వైపు. ఒంట్లో బాగుండి మనుషుల్ని గాయపరుస్తుంటే కోతుల వైపు. రెండో సందర్భంలో "దాని మంచి కోసమే" అని చెప్పుకోకండి. మనుషుల ప్రాణాల కోసం చేస్తున్నాం అని చెప్పడం నిజాయతీ. అది తక్కువ కారణమేమీ కాదు. అమెరికాలో గుర్రాల వైద్యుల సంఘం మార్గదర్శకాల్లో కూడా, గుర్రం తనకుగానీ దాన్ని చూసుకునేవాళ్లకుగానీ ప్రమాదంగా మారిందా అన్నది చూడాల్సిన అంశాల్లో ఒకటి.

బాగా తింటోంది, సకిలిస్తోంది, తోటలో పరుగెడుతోంది. అలాంటిదాన్ని ఎలా?

ఇది అన్నింటికంటే కష్టమైన ప్రశ్న. తేలిక చేసే జవాబు నా దగ్గర లేదు. తినడం ఒక్కటే కొలమానం కాదని మాత్రం చెప్పగలను. తీవ్రమైన నొప్పిలో కూడా దాణా డబ్బా చప్పుడుకు తల ఎత్తే గుర్రాలున్నాయి. పడుకుని లేవగలుగుతోందా చూడండి. పడుకోవడానికే భయపడి రోజుల తరబడి నిలబడే ఉంటే గాఢనిద్ర ఉండదు. నిలబడే తూలి ముందుకు పడుతుంది, ముందుకాళ్ల కీళ్ల ముందువైపు పాత గాయాల మచ్చలు కనిపిస్తాయి. తోటి గుర్రాలతో కలుస్తోందా? మనిషి కనబడితే ఒళ్లు బిగదీసుకుంటోందా? రోజులో ఎక్కువసేపు భయంతోనో కోపంతోనో గడిపే జంతువు, కడుపు నిండా తిన్నా సుఖంగా ఉన్నట్టు కాదు.

ఇవన్నీ బాగున్నాయి, మనుషుల్ని తాకనక్కర్లేకుండా పెట్టే వసతి ఉంది, డబ్బుంది అంటే నిద్రపుచ్చకండి. ఇవేవీ లేకుండా ప్రేమ ఒక్కటే ఉంటే అది సైసు పక్కటెముకల్ని కాపాడదు.

ఎలా చేస్తారు? నొప్పి ఉంటుందా?

ముందు మత్తు ఇంజక్షన్ ఇస్తారు. ముట్టుకోనివ్వని గుర్రమైతే కండలోకి ఇచ్చి ఆగుతారు. తల వాలాక మెడ నరంలో సూది అమర్చి, గాఢమైన మత్తులోకి పంపే మందు ఎక్కువ మోతాదులో ఇస్తారు. నిమిషంలోపే కిందికి వాలిపోతుంది. కొన్నిచోట్ల పూర్తిగా స్పృహ పోయాక గుండెను ఆపే మరో మందు ఇస్తారు. స్పృహ ఉండగా ఆ రెండోది ఇవ్వకూడదు, డాక్టర్‌ను ఈ విషయం అడగడానికి మొహమాటపడకండి.

చూసేవాళ్లను భయపెట్టేవి కొన్ని ఉంటాయి. పడటం మెత్తగా ఉండకపోవచ్చు, అంత బరువు కదా. పడ్డాక ఒకటి రెండుసార్లు పెద్దగా శ్వాస తీసుకున్నట్టు అనిపించొచ్చు, కండరాలు అదరొచ్చు, కళ్లు తెరుచుకునే ఉంటాయి. స్పృహ లేకపోయినా శరీరం చేసే పనులివి. గుండె ఆగిందని డాక్టర్ స్టెతస్కోపుతో కాసేపు విని, కంటిని తాకి చూసి చెప్తారు.

నేను పక్కన ఉండాలా?

ఉండగలిగితే ఉండండి. పగ్గం మాత్రం మీరు పట్టుకోకండి. పడే గుర్రం కింద యజమాని పడిన సంఘటనలు ఉన్నాయి. తల దగ్గర అనుభవమున్న ఒక్కరే ఉండాలి, మిగతావాళ్లు దూరంగా.

తర్వాత శరీరాన్ని ఏం చేయాలి?

ఇది ముందే తేల్చుకోండి. నిద్రపుచ్చే చోటు, పూడ్చే చోటు పక్కపక్కనే ఉండేలా చూసుకుంటే ఆ శరీరాన్ని ఈడ్చే పని తప్పుతుంది. జేసీబీతో ఎనిమిది తొమ్మిది అడుగుల లోతు గొయ్యి తవ్వించాలి. బావి, బోరు, చెరువు, కాలువలకు దూరంగా ఉండాలి, అడుగున నీళ్లు ఊరకూడదు. పైన నాలుగైదు అడుగుల మట్టి, కుక్కలు తవ్వకుండా ముళ్లకంప. వాడిన మందులు ఆ మాంసంలో ఉంటాయి, అది తిన్న కుక్కలు, గద్దలు చచ్చిపోతాయి. అందుకే కళేబరాన్ని ఊరవతల పడేయడం, తోలు కోసం ఇచ్చేయడం కుదరదు. నగరంలో ఉంటే మున్సిపాలిటీ వెటర్నరీ విభాగాన్ని ముందురోజే అడగండి.

నల్లరేగడి నేలలున్నవాళ్లు వానాకాలానికి ముందే ఆలోచించుకోవాలి. జులైలో ఆ బురదలోకి జేసీబీ దిగదు. వినడానికి కటువుగా ఉన్నా, తేదీ ఖరారు చేసేటప్పుడు ఇది కూడా ఒక లెక్కే.

ఇన్సూరెన్స్ ఉంటే నిద్రపుచ్చకముందే కంపెనీకి చెప్పి అనుమతి తీసుకోండి.

పిల్లలకు ఏం చెప్పాలి?

నిజమే చెప్పండి. "ఊరికి పంపించాం" అంటే ఎప్పుడు చూడ్డానికి వెళ్దామని అడుగుతూనే ఉంటారు. చిన్నపిల్లలతో "నిద్రపుచ్చాం" అన్న మాట వాడకపోవడం మంచిది, రాత్రి పడుకోవడానికి భయపడతారు. చనిపోయింది అనే చెప్పండి.

జతగా ఉన్న రెండో గుర్రం బెంగపెట్టుకుంటుందా?

పెట్టుకుంటుంది. శరీరాన్ని కాసేపు వాసన చూడనిస్తే వెతుక్కోవడం తగ్గుతుందని చాలామంది గుర్రాలవాళ్లు చెప్తారు. దాన్ని ఒంటరిగా మాత్రం ఉంచకండి. గుర్రం దొరక్కపోతే మేక తోడున్నా కొంత నయం.

మా డాక్టర్ ఒప్పుకోవడం లేదు. ఇప్పుడేం చేయాలి?

ఎందుకు ఒప్పుకోవడం లేదో అడగండి. బతికే అవకాశం ఉన్న గుర్రాన్ని నిద్రపుచ్చనని చెప్పే హక్కు ఆయనకుంది. "ఈ పరీక్ష ఇంకా చేయలేదు" అంటే చేయించండి, ఆయన చెప్పింది నిజమే కావచ్చు. "నేను ఎప్పుడూ చేయలేదు, నాకు మనసొప్పదు" అంటే గుర్రాలతో అనుభవమున్న మరొకరి దగ్గరికి పంపమనండి. మూడో డాక్టర్ కూడా వద్దంటే మీ నిర్ణయాన్నే మళ్లీ చూసుకోవాలి. ఈలోగా గుర్రం గడికి తాళం వేసి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచండి. లోపలికి ఎవరూ వెళ్లకుండానే దాణా పెట్టే ఏర్పాటు ఈరోజే చేయించండి.